గడియ లేని తలుపు

శంకరరావు గూడ్సు బండి డ్రైవరు. ఇప్పుడు కాగితాల మీద లోకో పైలట్ అని రాస్తున్నారు గానీ, బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో అందరికీ అతను డ్రైవరు శంకరమే. కోర్బా నుంచి బొగ్గు లాక్కొచ్చే బండి మీద ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసు. ఒక్క ఎర్ర సిగ్నలు దాటలేదు. డ్యూటీకి ఒక్క నిమిషం ఆలస్యంగా వెళ్ళలేదు. ఇంత పద్ధతైన మనిషి యాభై దగ్గర పడ్డాక ఒకే ఒక్క అబద్ధం ఆడి, కవి అయిపోయాడు.

రెండేళ్ళ కిందట రమణబాబు అతన్ని వెతుక్కుంటూ క్వార్టరుకి వచ్చాడు. రైల్వే హైస్కూల్లో ఇద్దరిదీ ఒకటే బెంచీ. పదో తరగతి అవగానే తండ్రి పోయి శంకరరావు చదువు వదిలేశాడు, రమణబాబు లింగియాడీహ్‌లో టెంట్ హౌసు పెట్టుకున్నాడు. ఒకే ఊళ్ళో ఉంటూ ముప్పై ఏళ్ళు పలకరించుకోలేదు. ఇప్పుడు షామియానాలూ కుర్చీలూ కొడుకు చూసుకుంటుంటే, రమణబాబు తోచక పాత స్నేహితుల మీద పడ్డాడు. తొంభై ఒకటిలో తెలుగు సబ్జెక్టు తీసుకున్న పంతొమ్మిది మందిలో పదహారు మందిని పోగుచేసి, 'తెలుగు క్లాసు' అని వాట్సాప్ గ్రూపు పెట్టాడు.

గ్రూపులో అందరూ తెల్లారేసరికి ఒకరు వినాయకుడి బొమ్మ, ఒకరు గులాబీ, ఒకరు పొగలు కక్కే టీ కప్పు పెట్టేవారు. శంకరరావు దగ్గర అలాంటివేవీ లేవు. అందరూ ఏదో ఒకటి పంపుతుంటే తనొక్కడూ ఊరుకుంటే బాగుండదని, ఒకరోజు అత్తగారి దగ్గర్నుంచి వచ్చిన మెసేజీని అలాగే గ్రూపులోకి తోసేశాడు.

అత్తగారు అప్పయమ్మకి డెబ్భై రెండేళ్ళు. భర్త పోయాక బొబ్బిలి దగ్గరి ఊరి నుంచి కూతురి దగ్గరికి వచ్చి ఉంటోంది. ఆవిడ పద్ధతులు పాతవి. అల్లుడి ముందు కుర్చీలో కూర్చోదు, అల్లుడితో ఎదురుపడి మాట్లాడదు. అతను హాల్లోకి వస్తే ఆవిడ వంటింట్లోకి, అతను వంటింట్లోకి వస్తే ఆవిడ పెరట్లోకి. అలాంటి మనిషి పొద్దున్నే ఫోన్లో నాలుగేసి మాటల లైన్లలో తెలుగులో ఏదో పంపుతోందంటే, అది ఊరి నుంచి ఎవరో పంపిన సూక్తి అయి ఉంటుందని శంకరరావు అనుకున్నాడు. చదివి చూడలేదు. చూడలేడు. తెలుగు మాట్లాడటం వచ్చుగానీ చదవడం పదో తరగతి నాటికే అంతంతమాత్రం. ఆ తర్వాత స్టేషను బోర్డులు హిందీలో, ఆర్డర్లు ఇంగ్లీషులో. అ, ఆ, క, గ లాంటివైతే గుర్తుపడతాడు. అక్కణ్ణుంచి అన్నీ జిలేబీలే.

ఆ రోజు గ్రూపులో పదకొండు చప్పట్లు, ఏడు దండాలు, రెండు ఏడుపు ముఖాలు వచ్చాయి. ఆ వెంటనే రమణబాబు గొంతు.

"అరే శంకరం, క్యా బాత్ హై! ఇది నువ్వే రాసినావేటిరా?"

శంకరరావు జీవితంలో అతన్ని ఎవరూ అంత ఆశ్చర్యంగా ఏమీ అడగలేదు. స్కూల్లో అతని పేరు హాజరు పిలిచేటప్పుడు తప్ప వినపడేది కాదు. 'కాదు' అని పెడదామనే అనుకున్నాడు. వేలు ఎలా తిరిగిందో తెలీదు. 'హా' అని పెట్టేశాడు.

మర్నాడు అత్తగారి నుంచి ఇంకొకటి వచ్చింది. ఆవిడకి రెండు చేతులు జోడించిన బొమ్మ పంపి, కవితని గ్రూపులో పెట్టాడు. అలా రెండేళ్ళు గడిచాయి. అందరూ 'కవిగారూ' అని పిలవడం మొదలుపెట్టారు. మస్తూరీలో బట్టల కొట్టు నడిపే కనకం ప్రతి కవితకీ ఏడు చప్పట్లు తక్కువ కాకుండా పెట్టేది. మాధవీలత అయితే కవిత కన్నా పొడుగ్గా రాసేది. పెళ్ళయ్యాక ఇరవై ఏళ్ళు రాజమండ్రిలో ఉండి, భర్తకి బొగ్గు కంపెనీలో బదిలీ అయితే తిరిగి బిలాస్‌పూర్ వచ్చిన మనిషి. అవీ శంకరరావు చదవలేడు. కింద వరుసగా మూడు దండాలు పెట్టేవాడు.

ఈ జనవరిలో రమణబాబు అందర్నీ కలపాలని తీర్మానించాడు. ఆదివారం పగలు, రైల్వే కాలనీలో ఒక హాలు, భోజనాలు, ముఖ్య అతిథిగా తెలుగు మాస్టారు రాఘవయ్యగారు.

"నీకు సన్మానముందిరా. శాలువా కూడా తెప్పించినాను," అన్నాడు ఫోన్లో.

శంకరరావు ఫోను రెండో చెవికి మార్చాడు. "నన్నేటైనా చదవమంటారేటి?"

"నువ్వేల చదవడం? కవి చదివితే ఏం గొప్ప? నీ గురించి మాధవీలత మాట్లాడతాది. నువ్వు కుర్చీలో కూచోవాలి, అంతే."

కూర్చోవడం తనకి చేతనవునని శంకరరావుకి ధైర్యం వచ్చింది. ఇరవై ఎనిమిదేళ్ళుగా చేస్తున్న పని అదే.

ఇంటి నుంచి ఒక్కరినైనా తీసుకురావాలని రమణబాబు రూలు పెట్టాడు. శంకరరావు భార్య చిన్నతల్లికి ఆ రోజు బుకింగ్ కౌంటర్లో డ్యూటీ. కూతురు భవిత రాయపూర్లో హాస్టల్లో ఉంది.

"అమ్మని తీసుకెళ్ళండి. పాపం గోడలు చూస్తూ కూచుంటాది," అంది చిన్నతల్లి చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ. భర్తకి సన్మానమని ఆవిడకి తెలుసు. సర్వీసుకి అనుకుంది.

అలా అప్పయమ్మ ఉతికిన గంజి చీర కట్టుకుని, అల్లుడి స్కూటరు మీద సీటు చివర, మధ్యలో ఇంకో మనిషి పట్టేంత ఎడం ఉంచి కూర్చుని హాలుకి వచ్చింది. దారి పొడుగునా ఇద్దరూ ఒక్క మాట మాట్లాడుకోలేదు.

హాల్లోకి అడుగు పెట్టగానే ఎవరో భారీ మనిషి శంకరరావుని అమాంతం ఎత్తేశాడు.

"నేను ఎవర్ని? సెప్పు. సెప్పకపోతే దింపను."

శంకరరావుకి కాళ్ళు ఆడుతున్నాయి గానీ నాలిక మీద పేరు ఆడటం లేదు. "రాజేంద్రవా?"

"కాదు."

"ప్రవీణ్‌వా?"

"చిన్నారావునిరా! నీ టిఫిను డబ్బా రోజూ తినీసేవాణ్ణి. నన్నే మర్చిపోయినావు?" అని దింపి, కళ్ళు తుడుచుకున్నాడు. చిన్నారావు వేగను షెడ్డులో ఫిట్టరు. ఆ టిఫిన్లు ఎంతమందివి తిన్నాడో, ఇప్పుడు అతని బెల్టు చూస్తే తెలుస్తోంది.

లోపల అరుపులు, వేళ్ళు చూపించుకోవడాలు. బట్టతల ఉన్నవాళ్ళని జుట్టున్నవాళ్ళు గుర్తుపట్టడం లేదు. జుట్టున్నవాళ్ళని రంగు వల్ల ఎవరూ గుర్తుపట్టడం లేదు. కనకం మాత్రం శంకరరావుని చూస్తూనే గట్టిగా, "కవిగారొచ్చీసినారు!" అని కేక పెట్టింది. అందరూ అతని చుట్టూ చేరారు. ఎవరో చెయ్యి పట్టుకుని సెల్ఫీ తీశారు. ఎవరి భార్యో వంగి కాళ్ళకి దండం పెట్టబోయింది. శంకరరావు ముఖం ఇంజను లైటులా వెలిగింది.

అప్పయమ్మ ఇదంతా వెనక వరస కుర్చీలో కూర్చుని చూసింది. అల్లుడికి ఇంత గౌరవం ఉందని ఆవిడకి తెలీదు. పక్కనున్న ఆవిడతో, "మావోడు బండి బాగా నడుపుతాడు," అంది.

పదకొండున్నరకి సభ మొదలైంది. రాఘవయ్య మాస్టారు ఎనభై రెండేళ్ళ వయసులో కూడా చేతికర్రని స్కూల్లో బెత్తం పట్టినట్టే పట్టుకున్నారు. ఆయన వేదిక ఎక్కగానే యాభై ఏళ్ళ మనుషులందరూ లేచి నిలబడి, ఒకే రాగంలో "నమస్తే సార్" అన్నారు. ఆయన కూర్చోమనేదాకా ఎవరూ కూర్చోలేదు. చిన్నారావు ఆ తర్వాత కూడా కాసేపు కూర్చోలేదు.

రమణబాబు మైకు పట్టుకున్నాడు. "సార్, మన క్లాసులో ఒక కవి పుట్టినాడు. ఇప్పుడు మీకందరికీ ఒక సర్‌ప్రైజు!"

ముఖమల్ గుడ్డ కప్పిన పళ్ళెం తెచ్చారు. గుడ్డ తీస్తే చిన్న చిన్న పుస్తకాలు. నీలం అట్ట మీద ఒక తలుపు బొమ్మ, పైన తెలుగులో 'గడియ లేని తలుపు' అని పేరు, కింద శంకరరావు యూనిఫాం ఫొటో. గ్రూపులోకి వచ్చిన వాటిలో మాధవీలత నలభై కవితలు ఏరి పేరు పెడితే, రమణబాబు అచ్చు వేయించాడు. హాల్లో అందరికీ ఒక్కొక్కటి పంచారు. శంకరరావు కూడా ఒకటి తీసుకుని, పేజీలు తిప్పి, తృప్తిగా తలాడించాడు. వెనక వరసలో అప్పయమ్మకీ ఒకటి అందింది. ఆవిడ సంచీలో కళ్ళజోడు కోసం వెతకడం మొదలుపెట్టింది.

మాధవీలత లేచింది. చేతిలో నోట్సు దళసరిగా ఉంది.

"నేను ఈ రెండేళ్ళుగా శంకరరావుగారి కవిత్వాన్ని చదువుతున్నాను. ఇది మృత్యువు గురించిన కవిత్వం," అంది.

హాల్లో అందరూ శంకరరావు వైపు కొత్తగా చూశారు. అతను కూడా కొంచెం భయపడ్డాడు.

"పుస్తకానికి పేరిచ్చిన మొదటి కవిత వినండి." మాధవీలత గొంతు తగ్గించి చదివింది.

"తలుపుకి గడియ లేదు బాబూ
లోపల ఉన్నంతసేపూ
పాట పాడుతూ ఉంటాను
ఎవరైనా వచ్చేస్తారేమోనని
నాకొచ్చిన పాటలు
అయిపోతున్నాయి."

పుస్తకం గుండెలకి ఆనించుకుంది. "ఇక్కడ తలుపంటే మృత్యుద్వారం. గడియ అంటే కాలం. ఆ తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందో చెప్పడానికి ఒక గడియంటూ లేదు. అందాకా మనిషి ఈ బతుకనే గదిలో పాడుతూ ఉంటాడు. ఆ పాటలే ఆయుష్షు. అవి అయిపోతున్నాయి!"

చప్పట్లు మోగాయి. చిన్నారావు ముక్కు చీదాడు. శంకరరావు కళ్ళల్లో నిజంగానే నీళ్ళు తిరిగాయి. తను ఇంత గొప్పది పంపాడని అతనికి ఇప్పుడే తెలిసింది.

"రెండోది వినండి.

ఆ శబ్దం
గోడ దాటి వస్తుంది
ముందొక రైలు
వెనకొక రైలు
మధ్యలో ఆగినప్పుడు
ఇంకా భయమేస్తుంది."

"ఇది రైలు కార్మికుడి గుండె చప్పుడు. అది ఆగితే? ఆ ఊహకే ఒళ్ళు జలదరిస్తుంది. ఇక ఈ కవిత చూడండి, మూడే ముక్కలు.

వచ్చేటప్పుడు
కొత్తిమీర
మర్చిపోకండి."

మాధవీలత కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "పచ్చదనం కోసం ఒక ఆత్మ పడే తపన. పోయినవాళ్ళు తిరిగొచ్చేటప్పుడు వసంతాన్ని తెమ్మంటున్నాడు కవి."

"వాహ్!" అన్నాడు రమణబాబు.

రాఘవయ్య మాస్టారు మాత్రం పుస్తకాన్ని కంటికి దగ్గరగా పెట్టుకుని, దూరంగా పెట్టుకుని చూస్తున్నారు. "అమ్మాయ్, గడియ అంటే తలుపు గడియే అయి ఉండకూడదా?" అని అడిగారు.

"అలా చదివితే కవిత్వం ఏం మిగులుతుంది సార్?" అంది మాధవీలత నొచ్చుకుంటూ. "ఈ ఒక్కటీ వినండి. దీనిలో కవి దేవుణ్ణే చూశాడు.

ఆవకాయ జాడీ
మళ్ళీ అడుగు కనిపించింది
నేను తినలేదు
అమ్మాయి తినలేదు
ఇంట్లో మూడో మనిషి ఎవరో
ఆ పైవాడికే తెలియాలి."

మాధవీలత వేలు పైకెత్తింది. "మనకి కనపడకుండా మన ఇంట్లో ఉండే ఆ మూడో మనిషి ఎవరు? మన బతుకు జాడీని అడుగంటా ఖాళీ చేసేది ఎవరు? ఎవరో కాదు, పరమాత్మ!"

"పరమాత్మ కాదమ్మా," అంది వెనక వరసలోంచి ఒక గొంతు. "మా అల్లుడు."

అందరూ వెనక్కి తిరిగారు. అప్పయమ్మ కళ్ళజోడు పెట్టుకుని నిలబడి ఉంది. చేతిలో పుస్తకం తెరిచి ఉంది. ఆవిడ అన్ని పేజీలూ చూసేసింది. పాత పద్ధతి, ఎదురుపడకపోవడం, అన్నీ ఆ క్షణాన పోయాయి. వేదిక మీద కుర్చీలో ఉన్న శంకరరావుని తిన్నగా చూస్తూ అడిగింది.

"ఏటి బాబూ ఇది? తానాల గదికి గడియ వేయించండని నేను రెండేళ్ళ నుంచీ మీకు సెప్పుకుంటంటే, మీరు నా తానం సంగతి అచ్చేయించి ఊరంతా పంచిపెడతారేటి?"

శంకరరావు చేతిలో పుస్తకాన్ని తిరగేసి మరగేసి చూశాడు.

"ఎదురుగా సెప్పనేక ఫోన్ల సెప్పినాను. అమ్మాయికి సెబితే మీ మీద అరుస్తాదని దానికి సెప్పనేదు. మీరేమో రోజూ దండాలెడుతున్నారు. పోన్లే, సూస్తానత్తా అంటన్నారు గామాల అనుకున్నాను!"

"అదేటత్తా... అవి కవితలు కావేటి?"

"కవితలేటి? మనవరాలు మైకు బొమ్మ సూపించి, ఇది నొక్కి మాట్లాడితే అదే సక్కగా దిద్ది రాసీస్తాది అమ్మమ్మా అంది. నాకు ఆయాసం. నాలుగు మాటలాడి ఆగుతాను. ఆగినప్పుడల్లా కింద లైనుకి దిగడానికి ఆ వొంకర బాణం నొక్కమంది. నొక్కినాను."

ముందుగా నవ్వింది ఎవరో తెలీదు. కనకం అనే చాలామంది అంటారు. తర్వాత హాలంతా కుర్చీల మీద పడి నవ్వడం మొదలుపెట్టింది. శంకరరావు పుస్తకాన్ని ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. అట్ట మీద అతని యూనిఫాం ఫొటో అందరికీ ఇంకా బాగా కనపడింది.

మాస్టారు చేతికర్రతో బల్ల మీద కొట్టారు. నవ్వులు టక్కున ఆగాయి.

"శంకరం, ఇలా రా. ఈ పుస్తకం పేరు చదువు."

శంకరరావు వెళ్ళి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "గ..." అన్నాడు.

"ఆ. గ. తర్వాత?"

"తర్వాత జిలేబీ సార్."

మళ్ళీ నవ్వులు. మాస్టారు హాలు వైపు తిరిగారు. "నవ్విన వాళ్ళు ఒక్కొక్కరూ లేచి వచ్చి ఒక్కో కవిత చదవండి."

హాలు ఎంత నిశ్శబ్దమైపోయిందంటే, బయట సాంబారు ఉడకడం వినపడింది. చిన్నారావు ఫోను చెవి దగ్గర పెట్టుకుని, ఎవరూ చెయ్యకపోయినా "హలో, హలో" అంటూ గుమ్మం వైపు నడిచాడు. కనకం ముందు కుర్చీ వెనక తల దాచుకుంది.

"కనకం! లే."

"కళ్ళజోడు తేలేదు సార్."

"నీ నెత్తి మీద ఉంది."

కనకం దాన్ని తడుముకుని, ఓడిపోయింది. "సార్, నాకూ చదవడం రాదు సార్. రోజూ చప్పట్లు కొట్టీదాన్ని. అందరూ కొడుతున్నారని కొట్టినాను."

"నేనూ కనకం కొట్టిందని కొట్టీవోణ్ణి," అన్నాడు గుమ్మం దగ్గరే ఆగిపోయిన చిన్నారావు.

చదవగలిగినవాళ్ళు చేతులెత్తమంటే మూడు చేతులు లేచాయి. మాధవీలతది, వంట మనిషిది, అప్పయమ్మది. మాస్టారు కుర్చీలో వెనక్కి వాలి, "ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పానా నేను?" అని ఎవరినో అడిగినట్టు అన్నారు.

"మరి నువ్వు పుస్తకం ఎలా వేయించావురా?" అన్నాడు శంకరరావు రమణబాబుతో, దొంగలందరూ బయటపడ్డాక కాస్త ధైర్యం వచ్చి.

"ప్రెస్సులో ఎవడికీ తెలుగు రాదు. తెలుగు అక్షరాలు మిషన్లో ఉంటే చాలన్నారు. నేను పేజీలన్నీ నిలువుగా ఉన్నాయో లేదో చూసినాను. అంతే," అని రమణబాబు తల గోక్కున్నాడు. "నీకు చదవడం రాదని నాకు ముందే తెలుసురా. టెన్త్‌లో నీ తెలుగు పేపరు సగం నేనే రాసినాను కదా. ఈ ముప్పై ఏళ్ళలో నేర్చుకున్నావనుకున్నాను."

"నీకూ రాదు కదా. మరి నా పేపరు ఎలా రాసినావు?"

"అందుకే కదా ఇద్దరం తప్పినాం."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. సప్లిమెంటరీకి ఇద్దరూ ఒకే సైకిలు మీద వెళ్ళిన సంగతి ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది. ఇక నవ్వు ఆపడం వాళ్ళ చేతుల్లో లేకపోయింది.

మాధవీలత మాత్రం నవ్వలేదు. నోట్సు ఒళ్ళో పెట్టుకుని మూల కుర్చీలో కూర్చుంది. కళ్ళు ఎర్రబడ్డాయి. అప్పయమ్మ మెల్లగా వెళ్ళి పక్కన కూర్చుని, ఆమె చెయ్యి పట్టుకుంది.

"నువ్వు బాగా సెప్పినావమ్మా. నేను గడియనే అన్నాను గానీ, నువ్వు సెప్పినాక సావు గురించే అన్నానేటో అని నాకే బయమేసింది."

"నిజంగానా అమ్మా?"

"నిజంగానే. నాలుగు గోడల మద్దెన ఒక్కతీ ఉన్నప్పుడు ఏటేటో వొస్తాయి కదా మనసుల. రైళ్ళ శబ్దం అన్నాను సూడు, ఆ గురక దగ్గర కూడా నువ్వు సెప్పింది నిజిఁవే. మద్దెన ఆగితే నాకూ గుండాగినట్టుంటాది, అల్లుడుబాబు కదా." అప్పయమ్మ కాస్త ఆలోచించింది. "కొత్తిమీర మాత్రం కొత్తిమీరే."

మాధవీలతకి అప్పుడు నవ్వొచ్చింది. ఏడుపూ వచ్చింది. రెండూ ఒకేసారి రావడం వల్ల వెక్కిళ్ళు పట్టుకున్నాయి. కనకం పరుగెత్తుకెళ్ళి నీళ్ళు తెచ్చింది.

మాస్టారు శాలువా తెప్పించి అప్పయమ్మకి కప్పారు. ఆవిడ కొంగు సర్దుకుని, శాలువాని పట్టి చూసి, "మంచిదే," అంది. తర్వాత హాలు మొత్తానికి వినపడేలా అడిగింది. "ఇంతకీ గడియ ఎప్పుడేస్తారు?"

భోజనాలు అవగానే వేస్తామని పదహారు మందీ ఏకగ్రీవంగా ఒప్పుకున్నారు.

రెండున్నరకి రమణబాబు టెంట్ హౌసు వ్యాను శంకరరావు క్వార్టరు ముందు ఆగింది. మడత కుర్చీల మధ్యలోంచి ఎనిమిది మంది దిగారు. మాస్టారు ముందు సీట్లోంచి దిగి, పెరట్లో కుర్చీ వేయించుకున్నారు. గడియ కొనడానికి ఎవరూ ఆగలేదు. వ్యాను వెనక తలుపుది ఒకటి ఊడి పడి ఉందని రమణబాబు చూపించాడు. అది జానెడు పొడుగు, రెండు వేళ్ళ లావు.

"ఇది తానాల గదికా, జైలుకా?" అంది కనకం.

"నువ్వు ఊరుకో. వేగను తలుపులు బిగించీ చెయ్యి ఇది," అన్నాడు చిన్నారావు.

స్నానాల గది నిండా నలుగురు, గుమ్మం దగ్గర నలుగురు. అందరూ ఒకేసారి సలహాలిచ్చారు. ఎత్తు ఎంతుండాలన్న దాని మీదే పావుగంట వాదన జరిగింది. అప్పయమ్మ ఏదో చెప్పబోతే, "మీరు కూచోండమ్మా, ఇది టెక్నికల్," అన్నారు. చివరికి చిన్నారావు ఎనిమిది మేకులు దిగగొట్టి, నుదురు తుడుచుకుని, "ఇక ఏనుగొచ్చినా తెరవలేదు," అని ప్రకటించాడు.

రమణబాబు పరీక్షించడానికి లోపలికి వెళ్ళాడు. కనకం తలుపు మూసి, గడియ తోసింది. ధడేలుమని పడింది.

"పడిందా?" అని లోపలి నుంచి అరిచాడు.

"పడింది!"

"మరి నాకేల కనబడ్డం లేదు?"

అందరూ గడియని చూశారు. అది బయట ఉంది. మధ్యాహ్నమంతా ఎనిమిది మంది నానా తంటాలు పడి బిగించిన గడియ తలుపుకి బయటివైపు ఉంది. మాస్టారు పెరట్లోంచి, "నేను చూస్తూనే ఉన్నాను. అడుగుతారేమోనని ఊరుకున్నాను," అన్నారు.

తీద్దామంటే అది రాలేదు. చిన్నారావు మాట నిలబెట్టుకున్నాడు. ఇద్దరు లాగారు, ముగ్గురు లాగారు. లోపల రమణబాబు మొదట జోకులు వేశాడు, తర్వాత బతిమాలాడు, ఆ తర్వాత కొడుక్కి ఫోను చేసి పనివాళ్ళని పంపమన్నాడు.

ఆ సమయానికి చిన్నతల్లి డ్యూటీ దిగి వచ్చింది. ఇంటి ముందు షామియానాల వ్యాను, పెరట్లో కర్ర పట్టుకున్న ముసలాయన, స్నానాల గది ముందు ఏడుగురు మగాళ్ళూ ఆడాళ్ళూ, లోపల ఎవరో మగ గొంతు, శాలువా కప్పుకుని ఇదంతా చూస్తూ టీ తాగుతున్న తన తల్లి. చిన్నతల్లి గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఏటైంది? సన్మానం తానాల గదిలో పెట్టినారేటి?"

శంకరరావు భార్యని పక్కకి తీసుకెళ్ళి, మొదట్నుంచీ చివరిదాకా అంతా చెప్పాడు. అబద్ధం దగ్గర గొంతు తగ్గించాడు. చిన్నతల్లి మొహం ఏ రంగూ మారలేదు. అంతా విని, వంటింట్లోకి వెళ్ళి రోకలి తెచ్చి, గడియ కిందనుంచి ఒక్కటిచ్చింది. ఎనిమిది మేకులూ, గడియా, తలుపు చెక్కలో కొంత భాగమూ కలిసి కింద పడ్డాయి. రమణబాబు చేతులెత్తి బయటికి వచ్చాడు.

కొట్టు నుంచి మామూలు గడియ తెప్పించి, రెండు స్క్రూలతో అప్పయమ్మే లోపలి వైపు బిగించుకుంది. ఈసారి ఎవరూ సలహా ఇవ్వలేదు.

సాయంత్రం వెళ్ళేముందు అందరూ క్వార్టరు మెట్ల మీద కూర్చుని టీ తాగారు. శంకరరావు కాస్త ఎడంగా కూర్చున్నాడు. పొద్దున్న హాల్లో తన చుట్టూ మూగినవాళ్ళు ఇప్పుడు తనని ఎలా చూస్తున్నారో చూడటానికి అతనికి సిగ్గుగా ఉంది. కనకం వచ్చి కింద మెట్టు మీద కూర్చుంది.

"అచ్ఛా శంకరం, ఒక మాట సెప్పు. రేపటి నుంచి ఏటీ పంపవేటి?"

"ఇంకేటి పంపుతాను? నేను కవిని కానని తెలిసిపోయింది కదా."

"నాకు ముందు మాత్రం ఏటి తెలుసు, చదివితే కదా? పొద్దున్నే నీ దగ్గర్నుంచి ఆ నాలుగు లైన్లు వొచ్చినాయంటే, శంకరం బండి దిగి ఇంటికొచ్చినాడు అనుకునీదాన్ని. పోయిన వానల్లో మూడ్రోజులు రాలేదు. కొట్టు మూసీసి రమణబాబుకి ఫోన్ చేసినాను. లైను దెబ్బతిందని, నువ్వు చాంపాలో ఆగిపోయినావని చెప్పినాడు."

శంకరరావు గ్లాసులోకి చూశాడు. "నిజంగానే?" అని మాత్రం అన్నాడు.

"మరి? అత్త రాసిందో, నువ్వు రాసినావో, పంపింది నువ్వే కదా. ఏదో ఒకటి పంపు. పటం పంపు. బొగ్గు పంపు."

"బొగ్గు పంపడానికి రూలు ఒప్పుకోదు," అన్నాడు శంకరరావు సీరియస్‌గా. కనకం పడి పడి నవ్వింది. అతనికి ఎందుకు నవ్విందో కాసేపటికి గానీ అర్థం కాలేదు.

మస్తూరీ వైపు బస్సుకి వేళవుతోందని కనకం లేచింది. అందరూ మళ్ళీ వ్యానులోకి ఎక్కారు. ఎక్కే ముందు మాస్టారు, వచ్చే ఆదివారం నుంచి తన ఇంట్లో తెలుగు క్లాసని, పలకా బలపం తెచ్చుకోవాలని ప్రకటించారు. చిన్నారావు టిఫిను ఉంటుందా అని అడిగాడు. మాస్టారు కర్ర ఎత్తారు.

రమణబాబు తాళం తిప్పాడు. వ్యాను దగ్గింది. ఇంకోసారి తిప్పాడు, ఇంకోసారి దగ్గి ఊరుకుంది.

"తొయ్యాలిరా," అన్నాడు కిటికీలోంచి తల బయటపెట్టి.

శంకరరావు మెట్లు దిగి వెళ్ళి వెనక నిలబడ్డాడు. మూడు వేల టన్నుల బొగ్గు లాగే మనిషి చొక్కా చేతులు మడిచి వ్యాను మీద భుజం ఆనించాడు. అతని పక్కన మాధవీలత వ్యాను దిగొచ్చి, నోట్సు చంకలో పెట్టుకుని నిలబడింది. చిన్నతల్లి వచ్చి ఇంకో పక్క పట్టుకుంది. మాస్టారు ముందు సీట్లో కూర్చుని, "ఒకటీ, రెండూ," అని లెక్కపెట్టడం మొదలుపెట్టారు. వ్యాను కాలనీ రోడ్డు మీద కుర్చీల చప్పుడుతో, లోపలివాళ్ళ కేకలతో, మెల్లగా కదిలింది.